మన్ను తిన్న జాడ

జూన్ 2, ఆదివారం, మధ్యాహ్నం

ఈరోజు ప్రసంగంలో అగ్ని దిగింది. నేను దించలేదు, అదే దిగింది.

సిద్ధం చేసుకున్న ప్రసంగం ఓర్పు గురించి. నాలుగు పేజీల నోట్సు. మైకు అందుకుని మొదటి మాట అనబోతుంటే మందిరంలో కొత్తగా పరిచిన బండల మీద చూపు పడింది. మూడో వరస, ఎడమ నుంచి ఐదో బండ. సిమెంటు మరకలు పోవాలని నిన్న సాయంత్రం యాసిడ్ పెట్టి కడిగాం. మరకలు పోయాయి. లోపలున్నది పైకొచ్చింది. నల్లటి గీత, చిటికెన వేలంత లావు, బండ ఈ చివర నుంచి ఆ చివరకు మెలికలు మెలికలుగా.

నోట్సు మడిచి జేబులో పెట్టాను.

పాము అన్నాను. మైకు కీచుమంది. తొలి తోటలో శాపం తగిలిన నాటి నుంచి పొట్టతో పాకుతోంది, మన్ను మేస్తోంది, ఇదిగో దాని సంతకం, మీరు కూర్చున్న చోటే అన్నాను. మూడో వరస మొత్తం లేచిపోయింది. సంఘ పెద్ద, మా దర్జీ, ఆరుపదుల మనిషి, వెనకాల బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. గంటా పది నిమిషాలు మాట్లాడాను. గొంతు పోయింది. పోతే పోయింది.

పద్దెనిమిదేళ్ళుగా బండలు పరుస్తున్నాను, పన్నెండేళ్ళుగా ప్రసంగిస్తున్నాను. రెండూ ఎవరూ నేర్పలేదు. ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. గ్రంథం మాత్రం ఎప్పుడూ చంకలో ఉంటుంది, తాపీ సంచిలో కూడా.

మా ఆవిడ భోజనం దగ్గర అడిగింది, మరి మీరే కదా పరిచారు, అప్పుడు కనబడలేదా ఆ పాము అని. దుమ్ము పట్టి ఉంది అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా దుమ్ములోనేగా మీ చూపు అంది. మా ఆవిడకి వాక్యం ఎక్కుతుంది, నేనే ఎక్కను.


జూన్ 5, బుధవారం

మందిరం తాళం తీసుకుని ఒక్కడినే వెళ్ళాను. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది, అరవై నాలుగు బండలు. అన్నీ మోకాళ్ళ మీద చూశాను. ఏడింటి మీద పాము ఉంది. ఎనిమిదో దాని మీద ఇంకేదో ఉంది, పువ్వులాగా, నడుమ చుక్క, చుట్టూ రేకులు. దాన్ని లెక్కలో వెయ్యలేదు. పాముకి పువ్వుతో పనేముంది.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. పెద్దలంటే ఇద్దరే, దర్జీ, రిటైరైన హెడ్మాస్టరు. బండలు పీకించాల్సిందే అన్నాడు దర్జీ. బట్ట మీద మరక పడితే గుండీ కుట్టి కప్పుతామా బ్రదరూ, ఆ ముక్క కత్తిరించేస్తాం అన్నాడు. హెడ్మాస్టరు కాస్త ఆగి చూద్దాం అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

అప్పుడు అసలు మాట వచ్చింది. ఆ బండలు ఎవరివి?

అందరికీ తెలుసు. ఆస్పత్రి పెద్దమ్మవి. ఆవిడ ఆస్పత్రిలో నేల తుడుస్తుంది, అందుకే ఆ పేరు. భర్త లారీ మీద లోడు ఎత్తే మనిషి. ఇల్లు కడదామని గని దగ్గర ఒక్కొక్క బండా తనే ఏరి తెచ్చి వాకిట్లో పేర్చాడు. పునాది లేచింది. ఒకరోజు పొద్దున ఆ దొంతికే ఆనుకుని కూర్చుని, గుండె ఆగి పోయాడు. ఇల్లూ అక్కడే ఆగింది. పదకొండేళ్ళు బండలు వాకిట్లోనే ఉన్నాయి. మందిరం నేల పగిలిపోయిందని తెలిసి పోయిన నెల ఆవిడే ఇచ్చేసింది. ఆయన ఎటూ లేచి రాడు, ఆయన ఏరిన రాళ్ళైనా దేవుడింట్లో పడి ఉంటాయి నాయనా అంది నాతో.

దర్జీ మెల్లగా అన్నాడు, ఆ బండలకి ఆనుకునే కదా పోయాడు, ఊరికే పోతాడా మనిషి, అని.

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆ మాట నేను అనలేదు. అనలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.


జూన్ 7, శుక్రవారం

టీ కొట్టు దగ్గర విన్నాను, ఆస్పత్రి పెద్దమ్మ మొగుణ్ణి పాము రాయి మింగిందట. నా ప్రసంగం నాకంటే వేగంగా నడుస్తోంది.


జూన్ 9, ఆదివారం

వంద దాటారు. ముందెప్పుడూ రానివాళ్ళు, పక్క వీధుల వాళ్ళు. తలుపు దగ్గర తొక్కులాట. మూడో వరస చుట్టూ తాడు కట్టాం. మళ్ళీ పాము గురించే చెప్పాను, ఈసారి తల ఎటుందో తోక ఎటుందో వేలితో చూపించి మరీ చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. మైకు మళ్ళీ కీచుమంది, అది కూడా బాగానే కుదిరింది.

ఆస్పత్రి పెద్దమ్మ రాలేదు. కుడివైపు కిటికీ కింద ఆవిడ చోటు. పన్నెండేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు.

ఒంట్లో బాగా లేదేమో.

బాగానే ఉంది. నిన్న పంపు దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఆవిడ బిందెకి ముందూ వెనకా చోటు వదిలి నిలబడ్డారట. మా ఆవిడ చూసి వచ్చి చెప్పింది. చెప్పి, నా మొహం కేసి కాసేపు చూసి, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆవిడ ఏమీ అనలేదంటే అది పెద్ద ప్రసంగం.


జూన్ 11, మంగళవారం

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. నన్ను అడక్కుండా బండ ఫొటో తీసి, వాళ్ళ కాలేజీలో రాళ్ళ పాఠం చెప్పే మేడంకి పంపిందట. మేడం తిరిగి పదకొండు ప్రశ్నలు పంపింది. పాము అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

ఫొటోలెందుకు, మనిషినే రమ్మను అన్నాను. మందిరం తలుపు చదువుకున్నవాళ్ళకీ తెరిచే ఉంటుంది. రక్షణ పొంది వెళ్తుంది అన్నాను. నాన్నా, నా ఇంటర్నల్ మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి, కాస్త మెల్లగా రక్షించు అంది అమ్మాయి.


జూన్ 13, గురువారం, సాయంత్రం

మేడం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన ఖాకీ సంచి, చేతి గోళ్ళలో మట్టి. నాకు ఆ గోళ్ళు నచ్చాయి. చెప్పులు విప్పింది, నమస్కారం పెట్టింది, ఆ తర్వాత నన్ను వదిలేసి నేల మీద బోర్లా పడుకుంది. చెంప బండకి ఆనించి, టార్చి పక్కవాటుగా వేసి చూసింది. పన్నెండేళ్ళుగా దేవుడి ముందు వంగమని చెప్తున్నాను, ఈ మందిరంలో ఎవరూ అంత కిందకి దిగలేదు.

పామా కాదా, ఒక్క మాటలో చెప్పండి అన్నాను.

పాము కాదండీ అంది.

మరేమిటి అంటే పేరు తెలీదు అంది. దాని ఒళ్ళు మిగల్లేదు. మెత్తటి పురుగులాంటిదేదో అయ్యుంటుంది, ఎప్పుడో కుళ్ళిపోయింది. తిన్న తీరు మాత్రం మిగిలింది. ఇలాంటివాటిని ట్రేస్ ఫాసిల్ అంటారట. ఎముక కాదు, గుల్ల కాదు, చేసిన పని. ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగున బురద. ఆ పురుగు బురదలో దూరి, బురదనే నోట్లోకి తీసుకుని, అందులో తినదగినది ఉంచుకుని, మిగతాది వెనక నుంచి వదిలేస్తూ పోయింది. ఈ నలుపు అదేనండీ, దాని కడుపులోంచి వచ్చిన బురద అంది.

నేను లేచి నిలబడ్డాను. మన్ను తిన్నదని మీ నోటితోనే అన్నారు, వాక్యం గెలిచింది అన్నాను.

గెలవనివ్వండి, నాకేం అడ్డం లేదు, కానీ పాము మన్ను తినదు కదండీ, కప్పని తింటుంది, ఎలకని తింటుంది అంది.

ఎన్నేళ్ళ నాటిది అన్నాను. కోట్లు అంది. నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. ఆ లెక్క నేనూ దేవుడూ తర్వాత కూర్చుని తేల్చుకుంటాం, ముందు పురుగు సంగతి కానివ్వండి అన్నాను.

నేను లెక్కలో వెయ్యని పువ్వు బండ చూసి చిన్నపిల్లలా సంబరపడింది. అది ఇంకో జీవి భోజనమట. నడుమ చుక్క దాని బొరియ. ఒళ్ళు లోపలే దాచుకుని, మూతి ఒక్కటే బయటికి చాపి, అందినంత మేర ఊడ్చుకు తిని, లోపలికి లాక్కుని, కొంచెం పక్కకి తిప్పి మళ్ళీ చాపింది. ఒక్కొక్క చాపు ఒక్కొక్క రేకు. ఇల్లు వదలకుండా చుట్టూ ఉన్నదంతా తిన్నదన్నమాట అంది. మా బావగారు మంచం దిగకుండా చేసేదీ ఇదే అన్నాను.

వెళ్ళేముందు సంచిలోంచి దారపు ఉండ తీసి నా చేతిలో పెట్టింది. నా మాట నమ్మకండి, రెండే రెండు పనులు చెయ్యండి అంది. పక్కపక్క గీతల మధ్య ఎడం కొలవాలి. ఆ గీత ఎక్కడైనా తన మీదుగా తనే దాటిందేమో వెతకాలి. ఒక్కచోట దాటినా ఫోన్ చెయ్యండి, నేనే వచ్చి మీ మైకులో పాము అని చెప్తా అంది.

సవాలు. నాకు!


జూన్ 14, శుక్రవారం, ఉదయం 6

పనికి సెలవు పెట్టాను. దారం, టేపు, సుద్దముక్క. పన్నెండు గంటల కల్లా ఆ మేడం ఫోను మోగిస్తాను.


అదే రోజు, సాయంత్రం 5

ఏడు బండలు. మూడు వందల పదకొండు మలుపులు. దాటిన చోట్లు, లేవు.

రెండుసార్లు లెక్కపెట్టాను. లేవు.

ఎడం ఎక్కడ కొలిచినా గోరంత. గీత పోతుంది, చివర మలుపు తిరుగుతుంది, పోయిన గీత పక్కనే గోరెడు ఎడంగా వెనక్కి వస్తుంది. మళ్ళీ మలుపు. పాతదాన్ని తొక్కదు, పాతదానికి దూరం కాదు. దారం పరిచి చూస్తే మూరెడు బండలో పదమూడు మూరల దారం పట్టింది.

పాము జాడ నాకు తెలుసు. ఇసక గుట్టల పక్కన బండలు దించి బతికేవాణ్ణి. పొద్దున్నే ఇసక చూశాకే చెయ్యి పెడతాం, ఏం తిరిగిందో ఏం దూరిందో అని. పాము తన పని ఉన్న చోటికి పోతుంది, వస్తుంది, తన జాడను తనే నాలుగుసార్లు తొక్కుతుంది. గోరెడు ఎడం పాటిస్తూ మూరెడు నేలలో నలభైసార్లు తిరిగే పామును నేను చూడలేదు, మా నాన్నా చూడలేదు.

ఇది తిరగడం కాదు, పని. తిన్నచోట మళ్ళీ తినదు, తినని చోటు వదలదు. పక్క గీత ఒంటికి తగలబోయేసరికి ఇక్కడ అయిపోయింది అని దానికి తెలుస్తోంది. కళ్ళున్నాయో లేవో. చీకటి బురదలో, చెప్పేవాళ్ళు లేకుండా.

గ్రంథంలో లేని ఒక్క అక్షరం నా నోట రాదని ఊరందరి ముందూ చెప్పుకునేవాణ్ణి. రాతిలో లేని పామును రెండు ఆదివారాలు చూపించాను. తలా తోకా కూడా చూపించాను.

అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ నాకు చిన్నప్పటి నుంచి కంఠతా. ఒక పురుగు మీద పలికాను. పోనీ, పురుగు కదా అనుకోవచ్చు. కానీ చచ్చిపోయిన మనిషి మీద ఊరు పలుకుతుంటే విని కూర్చున్నాను. ఆ మనిషి భార్య బిందె చుట్టూ చోటు వదిలారు.


జూన్ 15, శనివారం

మేడంకి ఫోన్ చేశాను. ఓడిపోయానని అనలేదు, మూడు వందల పదకొండు అన్నాను. మా స్టూడెంట్లు కూడా ఇంత ఓపిగ్గా లెక్కపెట్టరండీ అంది. నాకు గర్వం కలిగింది, కలిగిందని రాస్తున్నాను.

అంత పద్ధతి ఎందుకు దానికి అని అడిగాను. తిండి పుష్కలంగా ఉన్న చోట ఎలా తిరిగినా కడుపు నిండుతుంది, తిండి తక్కువున్న చోటే ఇలా గోరు కూడా వదలకుండా తినాలి, అని అనుకుంటున్నాం అంది. ఈ అనుకుంటున్నాం అన్న మాట ఆవిడ ప్రతి వాక్యం చివరా తగిలిస్తుంది. మొదట చిరాకు వేసింది.

ఇంకో సంగతి చెప్పింది. వేరే ఊరి బండ ఒకటి చూసిందట. దాని మీద పెద్ద జీవి జాడ ఒకటి నేరుగా వచ్చి చిన్న పురుగు బొరియ మీద ఆగింది. బొరియ అక్కడితో సరి. వేట అన్నాను నేను, వెంటనే. ప్రసంగం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది, తోడేలూ గొర్రెపిల్లా అన్నీ. ఆవిడ ఆపింది. పెద్ద జీవి మర్నాడు వచ్చి ఉండొచ్చు, చిన్నది ముందురోజే పోయి ఉండొచ్చు. ఒక్కటి చూసి వేట అనను, అలాంటివి పది ఒకే తీరుగా కనిపిస్తే అప్పుడు నోరు తెరుస్తా అంది.

పది చూశాక నోరు తెరిచే మనిషి. నేను సగం చూసి మైకు పట్టేవాణ్ణి.

దర్జీ కబురు పంపాడు. సోమవారం పొద్దున బండలు లేపాలి, నువ్వే పరిచావు కాబట్టి నువ్వే లేపాలి అని.

రేపు చెప్పేస్తాను.


జూన్ 16, ఆదివారం

చెప్పలేదు. ఓర్పు గురించి మాట్లాడాను. అందరూ బాగుందన్నారు.

పిరికివాడా.


జూన్ 17, సోమవారం

గునపం తీసుకుని వెళ్ళాను. దర్జీ, హెడ్మాస్టరు, ఇంకో ఆరుగురు. ముందు రెండో వరసలోది ఒకటి లేపాను, సాఫీగా వచ్చింది. తర్వాత మూడో వరస ఐదోది. అంచు కింద గునపం దూర్చి ఎత్తాను. సగం లేచి టక్కున రెండు ముక్కలైంది. ఎవరి చేతిలో పగిలినా బండ ఒకటే చప్పుడు చేస్తుంది. కానీ నేను పరిచిన బండను నేను పగలగొట్టడం ఇదే మొదటిసారి.

ముక్కలు పక్కకి తీశాను. కింద సిమెంటు పరుపు. పరుపు మీద ఎర్రటి అక్షరాలు, తిరగబడి.

బండ అడుగున రంగుతో రాసినవి. నేను పచ్చి సిమెంటు మీద నొక్కి పరిచినప్పుడు అచ్చు పడ్డాయి. కుడి నుంచి ఎడమకు కూడబలుక్కున్నాను. వంటగది, పొయ్యి ముందు.

మొదట లేపినదాని కింద కూడా చూశాను. గుమ్మం, తను కూర్చునే చోటు.

ఏరి తెచ్చిన ప్రతి బండ అడుగునా ఆయన రాసుకున్నాడు, ఏది ఎక్కడ పరవాలో, తన మనిషి ఎక్కడ కూర్చుంటుందో. పరిచేటప్పుడు ఆ ఎర్ర రంగు నేను చూశాను. గని వాళ్ళ గుర్తులేవో అనుకున్నాను. అరవై నాలుగు సార్లు చూశాను, ఒక్కసారీ చదవలేదు.

గునపం కింద పెట్టేశాను. పాము లేదు, ఎప్పుడూ లేదు, అది నా కూత అన్నాను అందరి ముందూ. దారం కథ చెప్పాను. దర్జీ మొహం ఎర్రబడింది. రెండు వారాల కింద నన్ను బెంచీ ఎక్కించావు, ఇప్పుడు దిగమంటావు, నా మోకాళ్ళ సంగతేంటి బ్రదరూ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, వాక్యం వెనక్కి తీసుకుంటే ఇక నిన్ను వినేదెవడు అన్నాడు. వాక్యం కాదు, నేను వెనక్కి తీసుకునేది నన్నే అన్నాను.

అది నిజంగానే ప్రశ్న. ఎవరూ వినకపోతే నేను ఉత్త బండల మేస్త్రీని. ఉంటాను, ఏం.


జూన్ 18, మంగళవారం

ఆస్పత్రికి వెళ్ళాను. రెండో అంతస్తు, పొడవాటి వరండా. పెద్దమ్మ తుడుస్తోంది. నన్ను చూసి, తడి ఆరేదాకా అక్కడే నిలబడు, బురద కాళ్ళతో రాకు అంది. నిలబడ్డాను. పన్నెండేళ్ళలో నన్ను నిలబెట్టినవాళ్ళు లేరు.

చూస్తూ నిలబడ్డాను. కర్ర గోడ దాకా పోతుంది, మలుపు తిరుగుతుంది, తడి గీత పక్కనే వెనక్కి వస్తుంది. తుడిచినదాన్ని తొక్కదు. తుడవనిదాన్ని వదలదు. ఆవిడ కళ్ళు నేల మీద కూడా లేవు, వార్డులో ఎవరో నర్సుతో మాట్లాడుతోంది.

ఆరాక దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. పురుగు సంగతీ చెప్పాను, మలుపులూ, గోరెడు ఎడం. అలాంటిదాన్ని ఇక్కడ పనిలో పెట్టాల్సింది, ఈ పిల్లలు మూలలు వదిలేస్తున్నారు అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

మా ఆయన్ని పాము మింగిందని నువ్వు అనలేదు, నాకు తెలుసు నాయనా అంది. ఊరు అంది. అంటుంటే నువ్వు ఆపలేదు. కోడి అరిచినా మైకు పెట్టి ఆపేవాడివి, ఇది ఆపలేదు.

తల దించుకున్నాను. మన్నించమన్నాను. ఈ వరండాలో ఎవరికి వినిపిస్తుంది అంది. ఏ మైకులో అన్నావో ఆ మైకులోనే అను. అప్పుడు చూద్దాం.

అప్పుడు ఎర్ర అక్షరాల సంగతి చెప్పాను. ఆవిడకి చదువు రాదు. పదకొండేళ్ళు వాకిట్లో ఉన్నా వాటి అడుగున ఏముందో తెలీదు. ఏం రాశాడు అంది. రెండూ చెప్పాను. గుడ్డ బకెట్లో ముంచింది, పిండింది, మళ్ళీ ముంచింది, మళ్ళీ పిండింది.

మిగతావాటి మీద అంది.

చూశాను గానీ చదవలేదు పెద్దమ్మా అన్నాను.

నువ్వేగా మా అందరికీ చదివి చెప్పేవాడివి అంది.

కర్ర తీసుకుని అవతలి వరండాలోకి వెళ్ళిపోయింది.


జూన్ 23, ఆదివారం, మధ్యాహ్నం

మైకు పట్టుకున్నాను. రాసుకెళ్ళిన నోట్సు లేదు, మడిచి దాచేందుకు జేబులో ఏమీ లేదు.

ముందు ఆయన పేరు చెప్పాను, లారీ లోడు ఎత్తిన మనిషి పేరు, మూడుసార్లు. ఆయన గుండె ఆగి పోయాడు, ఏ రాయీ మింగలేదు, మింగిందని ఊరు అంటుంటే విని ఊరుకున్నది నేను అన్నాను. పాము నేను పుట్టించింది, దానికి తలా తోకా పెట్టింది కూడా నేనే, ఈ మైకులోనే అన్నాను. పద్నాలుగు మంది లేచి వెళ్ళిపోయారు. లెక్కపెట్టాను, ఈ మధ్య లెక్కపెట్టడం అలవాటైంది. వెళ్ళనిచ్చాను, గొంతు తగ్గించలేదు.

తర్వాత తాడు విప్పించి అందరినీ మూడో వరస చుట్టూ కూర్చోబెట్టాను. విరిగిన బండ రెండు ముక్కలూ తెచ్చి కలిపి పెట్టాను. నన్ను నమ్మకండి, వేలు పెట్టి చూడండి, ఒక్కచోట దాటితే చెప్పండి అన్నాను. వేళ్ళు కదిలాయి. దర్జీ దూరంగా గోడకి ఆనుకుని ఉన్నాడు. కాసేపటికి చెయ్యి ఊరుకోలేదు, మెడలోంచి టేపు లాగి వచ్చి కూర్చున్నాడు. ఇక్కడ కొలిచాడు, అక్కడ కొలిచాడు, అద్దాలు పెట్టుకుని మళ్ళీ కొలిచాడు. నలభై ఏళ్ళ మిషను మీద నాకు కూడా కుట్టు ఇంత సమంగా రాదు బ్రదరూ అన్నాడు. నా ప్రసంగమంతా కలిపినా ఆ ఒక్క ముక్కకి సాటి రాదు.

అప్పుడు అగ్ని దిగింది. ఈసారి నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఈ పురుగుకి శాపం లేదు అన్నాను. మన్ను దానికి శిక్ష కాదు, పళ్ళెం. దొరికిన మూరెడు నేలలో గోరెడు పారెయ్యకుండా, తిన్నదే మళ్ళీ తినకుండా బతికింది. చీమ దగ్గర బుద్ధి నేర్చుకోమని చెప్పిన దేవుడు దీని దగ్గర నేర్చుకోవద్దంటాడా? ఒళ్ళు పోయింది, పేరు లేదు, కానీ ఎలా తిన్నదో నిలిచింది. మన ఒళ్ళు పోయాక మనం ఏం తిన్నామో, ఎవరిది తిన్నామో ఇలా రాతి మీద పడి ఉంటే చదివేవాళ్ళకి మొహం చూపించగలమా? ఇరవై నిమిషాలు. గొంతు పోలేదు.

ముగించాక చూస్తే పెద్దమ్మ తలుపు బయట ఉంది. ఎప్పటి నుంచో. చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. అందరూ దారి ఇచ్చారు, ఈసారి చోటు వదలడం కాదు, దారి ఇవ్వడం. నేరుగా బండ లేచిపోయిన గుంట దగ్గర కూర్చుని చదువు అంది. చదివాను. వంటగది, పొయ్యి ముందు. మళ్ళీ అంది. చదివాను. రెండోది చదువు అంది. గుమ్మం, తను కూర్చునే చోటు. తిరగబడిన అక్షరాల మీద అరచెయ్యి పెట్టి, వంకర రాత, ఎప్పుడూ అంతే అంది. అప్పుడు నవ్వింది.

కావాలంటే మిగతా అరవై రెండూ లేపి చదివి పెడతాను, కానీ మేస్త్రీగా నిజం చెప్పాలి, సగం పగులుతాయి అన్నాను. ఒక్కొక్క వరసా పొడుగునా చూసింది. వద్దు, ఉండనీ అంది.


జూన్ 26, బుధవారం

రెండు బండలూ తిరిగి పరిచాను. విరిగినదాన్ని రెండు ముక్కలుగానే, సందు కనిపించేలా. పువ్వు బండ దగ్గర కూర్చుని మా ఆవిడ భోజనం డబ్బా విప్పింది. మీ పురుగు నాలుగు మలుపులు తిరిగే లోపు తినండి, చల్లారిపోతుంది అంది.


జూన్ 30, ఆదివారం

యాభై మూడు మంది. చాలు.

ఆస్పత్రి పెద్దమ్మ కిటికీ కింద తన చోట కూర్చోలేదు. మొదటి వరస, మొదటి బండ మీద కూర్చుంది. అదేంటి పెద్దమ్మా అంటే, వచ్చేవారం దీని పక్కది అంది. వరస అయ్యాక వెనక్కి తిరుగుతుందట.

మొత్తం అరవై నాలుగు.